రేడియో బొమ్మ విమానములు: పెట్టెమీది మాట, గాలిలోని తీరు

పాఠశాలల వైజ్ఞానిక ప్రదర్శనలకు న్యాయనిర్ణేతగా వెళ్ళినప్పుడెల్ల నాకొక బల్ల కనిపిస్తూ ఉంటుంది. దానిమీద నురుగుపలకతో చేసిన తెల్లని విమానమొకటి, ప్రక్కన రిమోటు, వెనుక అట్టమీద రంగు సిరాతో "విమానము ఎగురు సూత్రము" అని వ్రాసి ఉంటుంది. "ఒకసారి ఎగురవేసి చూపుతావా, నాయనా?" అని అడిగితే విద్యార్థి ఉపాధ్యాయుని వైపు చూస్తాడు, ఉపాధ్యాయుడు ఆకాశము వైపు చూస్తారు. "గాలి ఎక్కువగా ఉన్నది సార్" అని జవాబు వస్తుంది. గాలిలో తిరుగుటకే పుట్టిన యంత్రము గాలిని చూచి భయపడవలసిన అవసరమేమి? ఈ ప్రశ్నయే ఈ వ్యాసమునకు కారణము.

గ్రంథమును విమర్శించినట్లే ఒక వస్తువును కూడ విమర్శింపవచ్చును. అది ఏమి చేస్తానన్నది, ఏమి చేసినది, మధ్యనున్న వెలితికి కారణమెవరు అని మూడు ప్రశ్నలు వేసికొంటే చాలును. బజారులో రెండు వేల రూపాయలకు అటు ఇటుగా దొరికే రేడియో విమానములను ఈ మూడు ప్రశ్నలతో పరీక్షించుట ఇక్కడ నా ఉద్దేశము.

మూడు ఊళ్ళు, మూడు అనుభవములు

మొదటి అనుభవము సూర్యాపేటలో నాదే. నేను కళాశాలలో భౌతికశాస్త్రము చెప్పేవాడను. ఉత్థాపక బలమును గురించి నల్లబల్లమీద ఎన్నిసార్లు వ్రాసినానో లెక్కలేదు. ఆ ధైర్యముతో ఒక విమానమును కొని, ఒక ఆదివారము సాయంకాలము మైదానమునకు పోయినాను. అది చక్కగా లేచినది. ఇరవై సెకనులు పోయి, మలుపు తిరిగి, నావైపే రాసాగినది. ఎడమకు త్రిప్పబోయి ఎడమ మీట నొక్కినాను. అది నా కుడివైపునకు తిరిగి వేపచెట్టుకు కొట్టుకొన్నది. రెక్క విరిగినది. చూస్తున్న పిల్లలు నవ్వినారు. నవ్వదగినదే.

రెండవది కోదాడలో తొమ్మిదవ తరగతి చదువుతున్న ఒక బాలునిది. దసరాకు పెద్దలిచ్చిన డబ్బు రెండేండ్లు కూడబెట్టి కొన్నాడు. ఊరి చివర పొలాల ప్రక్కన ఎగురవేసినాడు. విమానము గాలివాటున పోయి పోయి చుక్కయై కనుమరుగైనది. మూడవనాడు నాటు వేసిన మడిలో దొరికినది. "రెండు వేలు గాలిల కలిపిండు సార్" అని తండ్రి నాతో అన్నాడు. బాలుడు అన్నమాట వేరు: "ఇవన్నీ మనకు రావు సార్."

మూడవది మిర్యాలగూడలో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడైన నా మిత్రునిది. విమానము గాలిలో ఉండే సమయము చాలక, ఆయన అదనముగా మరొక బ్యాటరీని రెక్కల వెనుక టేపుతో కట్టినాడు. అప్పటినుండి చేతినుండి విడువగానే విమానము ముక్కు పైకెత్తి, క్షణకాలము నిలిచినట్లై, దభీమని పడసాగినది. ఏడుసార్లు ప్రయత్నించి, రైసుమిల్లుల ఊరిలో గాలియే మంచిది కాదని నిశ్చయించుకొని, పెట్టెలో పెట్టి అటకెక్కించినాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్లు మేము విమానమును నిందించినాము. అమ్మినవారిని అడిగితే ఎగురవేయు నేర్పు లేదని మమ్ము నిందించినారు. ఎవరి మాట ఎంతవరకు నిజము? కొలిచి చూడనిదే తేలదు.

పెట్టెమీది మాటలు

మూడు విమానములును ఇంచుమించు ఒకే రకమైనవి. కిరాణా దుకాణములోని త్రాసుమీద ఒక్కొక్కటి 60 గ్రాములు తూగినది. రెక్కల పొడవు కొననుండి కొనకు 50 సెంటీమీటర్లు, వెడల్పు 10 సెంటీమీటర్లు. రెండు చిన్న మోటార్లు, 3.7 వోల్టుల, 150 మిల్లీ ఆంపియరు-గంటల లిథియం బ్యాటరీ ఉన్నవి. తోకలో కదిలే పలకలు లేవు. ఎడమ మోటారు వేగము పెంచితే విమానము కుడికి, కుడి మోటారు వేగము పెంచితే ఎడమకు తిరుగుతుంది. రెండును పెంచితే పైకి పోతుంది, తగ్గిస్తే దిగుతుంది. ఇదియే దాని నియంత్రణమంతయు.

పెట్టెమీద మూడు మాటలు పెద్ద అక్షరములతో ఉన్నవి: 200 మీటర్ల దూరము, 15 నిమిషముల పయనము, మొదటిసారి ఎగురవేయువారికి అనువు. పిట్ట కొంచెము, కూత ఘనము. ఒక్కొక్క మాటను విడిగా చూతము.

దూరమును గురించిన మాట అబద్ధము కాదు, కాని నిరుపయోగము. ఈనాటి రిమోటులు 2.4 గిగాహెర్ట్‌జ్ తరంగములతో పనిచేస్తున్నవి. వీటి తరంగదైర్ఘ్యము పన్నెండున్నర సెంటీమీటర్లు. మన దేశములో ఈ పట్టీలోని స్వల్పశక్తి పరికరములకు 2005 నుండి లైసెన్సు అక్కరలేదు. తెరపి మైదానములో ఈ తరంగములు 200 మీటర్లు పోవచ్చును. అయితే మన కన్ను పోగలదా? అర మీటరు రెక్కలు గల విమానము సుమారు 55 మీటర్ల దూరమున పున్నమి చంద్రుని వెడల్పులో కనిపిస్తుంది. 200 మీటర్ల దూరమున అందులో నాలుగవ వంతు. అది వస్తున్నదో పోతున్నదో అప్పుడు ఎవరు చెప్పగలరు? రేడియోకు అందినంత మాత్రమున విమానము మన చేతిలో ఉన్నట్లు కాదు.

ఇక కాలము. బ్యాటరీలోని శక్తిని పదవ తరగతి విద్యార్థి లెక్కకట్టగలడు. 0.15 ఆంపియరు × 3600 సెకనులు × 3.7 వోల్టులు = సుమారు 2000 జౌళ్ళు. విమానపు బరువు 0.59 న్యూటనులు. ఇంత చిన్న రెక్కకు వాయునిరోధము బరువులో నాలుగవ వంతు అనుకొందము: 0.15 న్యూటనులు. సెకనుకు 6 మీటర్ల వేగముతో సమతలముగా పోవుటకు 0.9 వాట్లు కావలెను. చిన్న మోటారు, దాని పంఖా కలిసి బ్యాటరీ శక్తిలో నాలుగవ వంతునే ఉపయోగమునకు తెస్తవనుకొంటే, బ్యాటరీ 3.6 వాట్లు ఇవ్వవలెను. 2000ను 3.6తో భాగిస్తే 555 సెకనులు, అనగా తొమ్మిది నిమిషములకు కొంచెము ఎక్కువ. ఇది గాలి కదలని పూట, ఎక్కుట దిగుట లేక, బ్యాటరీని పూర్తిగా పిండినప్పటి మాట. నిజముగా ఎగురవేసినప్పుడు ఇందులో సగము దక్కితే సంతోషింపవలెను. 15 నిమిషములు అన్నది ఏ లెక్కకును అందదు.

మూడవది, క్రొత్తవారికి అనువన్నది. సూర్యాపేటలో నేను చేసిన పొరపాటుకు మూలము ఇందులోనే ఉన్నది. ఎడమ, కుడి అన్నవి విమానములో కూర్చున్నవానికి చెందినవి. విమానము మననుండి దూరముగా పోవునప్పుడు దాని ఎడమ, మన ఎడమ ఒకటే. మనవైపు వచ్చునప్పుడు అవి తారుమారవుతవి. అద్దము ముందు కత్తెరతో జుట్టు కత్తిరించుకొనువానికి కలిగే చిక్కే ఇది. మనవైపు వస్తున్న విమానము ఏ రెక్కను దించినదో ఆ వైపునకే మీటను త్రోయవలెనన్నది అనుభవజ్ఞులు చెప్పే ఉపాయము. ఈ ఒక్క వాక్యమును పెట్టెలోని కాగితముమీద అచ్చువేస్తే నా వేపచెట్టు తప్పేది.

గాలి విమానముకంటె వేగముగా వీచినప్పుడు

కోదాడ బాలుని విమానము ఏల తిరిగి రాలేదు? విమానము బరువును మోయుటకు కావలసిన కనీసవేగమును మొదట తెలిసికొందము. ఉత్థాపక బలము గాలి సాంద్రతకు, రెక్క వైశాల్యమునకు, వేగపు వర్గమునకు అనులోమముగా ఉంటుంది. రెక్క వైశాల్యము 0.05 చదరపు మీటర్లు, గాలి సాంద్రత ఘనపు మీటరుకు 1.12 కిలోగ్రాములు, రెక్క ఇవ్వగల గరిష్ఠ ఉత్థాపక గుణకము 0.9 అనుకొని లెక్కిస్తే కనీసవేగము సెకనుకు 4.8 మీటర్లు వస్తుంది. అంతకు తగ్గితే రెక్క పట్టు తప్పి విమానము పడిపోతుంది. మామూలుగా అది 6 మీటర్ల వేగముతో పోతుందనుకొందము.

ఇప్పుడు సెకనుకు 4 మీటర్ల గాలి వీస్తున్నది. చెట్ల ఆకులు, చిన్న రెమ్మలు ఎడతెగక కదులుతుంటే ఆ పాటి గాలి ఉన్నదని గుర్తు. అది మనకు హాయిగొలిపే పిల్లగాలియే. గాలివాటున పోయే విమానము నేలకు సంబంధించి సెకనుకు 10 మీటర్లు పోతుంది. పది సెకనులలో 100 మీటర్లు దాటిపోతుంది. అదే దూరము గాలికెదురుగా తిరిగి రావలెనంటే వేగము 2 మీటర్లే. యాభై సెకనులు పడుతుంది. గాలి 6 మీటర్లకు పెరిగితే విమానము గాలిలో ఎగురుతూనే నేలకు సంబంధించి నిలిచిపోతుంది. అంతకు మించితే వెనుకకు పోతుంది. ఏటి వడికంటె తక్కువ వేగముతో ఈదువాని గతి ఇదే. బాలుని చేతిలో లోపము లేదు. ఆ సాయంకాలము ఆ విమానమునకు తిరిగి వచ్చు శక్తియే లేదు. "సెకనుకు 3 మీటర్ల గాలికి మించి ఎగురవేయరాదు" అని పెట్టెమీద లేకపోవుట అసలు లోపము.

కొందరు ఎండవేడిమిని నిందిస్తారు. మన ప్రాంతములో మే నెలలో 42 డిగ్రీలున్నప్పుడు గాలి సాంద్రత 1.12, డిసెంబరు తెల్లవారుజామున 16 డిగ్రీలున్నప్పుడు 1.22. తేడా నూటికి 8 పాళ్ళు. కనీసవేగము సాంద్రతకు వర్గమూలములో విలోమముగా మారుతుంది కనుక వేగములో తేడా నూటికి 4 పాళ్ళు మాత్రమే. ఎండ దోషము కొంచెము. గాలి దోషము చాల.

తక్కెడ న్యాయము

మిర్యాలగూడ మిత్రుని కథలో గాలికి పాత్రయే లేదు. అక్కడ పనిచేసినది తక్కెడ న్యాయము. ఇటువంటి విమానపు గరిమనాభి రెక్క ముందంచునుండి రెక్క వెడల్పులో నాలుగవ వంతుకు, మూడవ వంతుకు మధ్య ఉండవలెను, అనగా 2.5 నుండి 3.3 సెంటీమీటర్ల లోపల. కొన్ననాడు అది 3 సెంటీమీటర్ల వద్ద ఉన్నది. మిత్రుడు బ్యాటరీ, తీగలు, టేపు కలిపి 12 గ్రాములను ముందంచుకు 12 సెంటీమీటర్ల వెనుక చేర్చినాడు. భ్రామకములను కూడితే 60 × 3 + 12 × 12 = 324; మొత్తము బరువు 72 గ్రాములు; భాగిస్తే క్రొత్త గరిమనాభి 4.5 సెంటీమీటర్లు! తోక బరువెక్కినది. ముక్కు లేచినది, ముక్కు లేచినకొలది వేగము తగ్గినది, వేగము తగ్గి రెక్క పట్టు తప్పినది.

ముక్కునకు బరువు కట్టి సరిచేయవచ్చును గదా అని పాఠకులు అడుగవచ్చును. ముందంచుకు 8 సెంటీమీటర్ల ముందు సుమారు 10 గ్రాములు కట్టితే గరిమనాభి మరల 3కు వస్తుంది. కాని బరువు 82 గ్రాములై, కనీసవేగము 4.8 నుండి 5.6కు పెరుగుతుంది. మామూలు వేగమైన 6 మీటర్లకు అది అతి సమీపము. అదనపు బ్యాటరీని తీసివేయుటే మేలు. తన తరగతిలో ఏటేట భ్రామకముల పాఠము చెప్పే నా మిత్రుడు ఈ లెక్క విని చాలసేపు మాట్లాడలేదు. తరువాత, "పాఠము పుస్తకములోనే ఉన్నదని అనుకొన్నాను" అన్నాడు.

ముందువారి నిరాశలు

బొమ్మ విమానము అల్పమైన వస్తువు కాదు. 1871లో ఫ్రాన్సులో ఆల్ఫోన్స్ పెనో అను యువకుడు రబ్బరు మెలిక శక్తితో నడిచే చిన్న విమానమును పారిస్ తోటలో 11 సెకనులపాటు ఎగురవేసినాడు. దాని రెక్కలు, తోక తమంతట తాము సమతూకము నిలుపుకొనే విధముగా అమర్చబడినవి. ఆయన నమూనాను బట్టి చేసిన ఎగిరే బొమ్మ ఒకటి 1878లో అమెరికాలో రైట్ సోదరుల చేతికి వచ్చినది. తండ్రి తెచ్చి ఇచ్చిన ఆ బొమ్మయే తమ ఆసక్తికి మొదలని వారు తరువాత చెప్పుకొన్నారు.

ఆ సోదరులకు కూడ 1901లో మనవంటి నిరాశయే ఎదురైనది. వారు చేసిన గ్లైడరు లెక్కప్రకారము రావలసిన ఉత్థాపక బలములో సుమారు మూడవ వంతు మాత్రమే ఇచ్చినది. వారు దానిని అటకెక్కించలేదు. నమ్మిన పట్టికలనే అనుమానించినారు. చిన్న వాయుసొరంగమును నిర్మించి ఇంచుమించు 200 రెక్కల నమూనాలను పరీక్షించినారు. 1902 గ్లైడరు ఆ కొలతలమీద లేచినది; 1903 డిసెంబరు 17 నాటి విమానమునకు అదియే పునాది.

రేడియో నియంత్రణమునకును ఇట్టి చరిత్రయే ఉన్నది. 1898లో నికోలా టెస్లా న్యూయార్కులో తీగలు లేకుండ ఒక చిన్న పడవను నడిపి చూపినాడు. 1937లో అమెరికాలో వాల్టర్, విలియం గుడ్ అను కవల సోదరులు తాము చేసిన "గఫ్" అను నమూనా విమానమును రేడియోతో ఎగురవేసినారు. బరువైన వాక్యూం గొట్టములు, బరువైన బ్యాటరీల కాలమది. ఈనాడు మన పిల్లవాని చేతిలోని 60 గ్రాముల వస్తువులో ఉన్న గ్రాహకము వారికి కలలోని మాట. సాధనము ఇంత తేలికైనది. దానిని పరీక్షించు అలవాటు మాత్రము వెనుకబడినది.

తీర్పు

గుణములు ముందు చెప్పవలెను. నురుగు శరీరము పడినను సులభముగా విరుగదు. విరిగినను జిగురుతో అతుకుతుంది. వెనుకటి 27 మెగాహెర్ట్‌జ్ బొమ్మలలో ఇద్దరు పిల్లలు ఒకే పౌనఃపున్యముపై ఎగురవేస్తే ఒకరి విమానము మరొకరి మాట వినేది. ఇప్పుడా బాధ తప్పినది. కొంచెము ఎక్కువ ధర గలవాటిలో ఉండే జైరోస్కోపు ఒరుగుటను తానే కొంతవరకు సరిదిద్దుతుంది. అయితే అది కూడ గాలివేగమును జయింపలేదు.

దోషములు మూడు. బరువు, రెక్క వైశాల్యము, గరిమనాభి, ఓర్చుకొనగల గాలివేగము అను నాలుగు అంకెలు పెట్టెమీద లేవు, ఉండవలసినవి అవే. ఎక్కుట దిగుటలకు తోకలో పలక లేదు. మోటార్ల వేగము హఠాత్తుగా పెంచితే ముక్కెత్తి పట్టు తప్పుతుంది. విడిభాగములు దొరకుట అరుదు. ఒక పంఖా పోతే మొత్తము పోయినట్లే.

నాలుగవ దోషము తయారు చేసినవారిది కాదు, మనది. కొన్న వస్తువును ప్రదర్శనలో పెట్టి ప్రయోగమని పిలుస్తున్నాము. నేను కూడ ఒక సంవత్సరము అట్టి బల్లకు బహుమతి వ్రాసినాను; ఎగురవేసి చూపుమని అడుగనైనను లేదు. విద్యార్థి దానినుండి ఏమి నేర్చుకొని ఉంటాడు? డబ్బున్నవానికి విజ్ఞానము వస్తుందని. ఎగురనప్పుడు కోదాడ బాలుడు నేర్చుకొన్నదేమి? ఇవన్నీ మనకు రావని. ఈ రెండు పాఠములును అబద్ధములే. రెండింటిని మనమే నేర్పినాము.

ఉపాధ్యాయులు చేయదగిన పని

విమానము పాఠశాలకు వస్తే మొదట త్రాసుమీద పెట్టించండి. స్కేలుతో రెక్కను కొలిపించండి. రెక్క క్రింద రెండు వ్రేళ్ళు ఆనించి గరిమనాభిని గుర్తు పెట్టించండి. మోటారు వేయక, గడ్డిమీద చేతితో మెల్లగా విడిపించి, ఎంత ఎత్తునుండి ఎంత దూరము జారినదో వ్రాయించండి. ఈ రెంటి నిష్పత్తియే ఉత్థాపక బలమునకు, వాయునిరోధమునకు గల నిష్పత్తి. ఆ తరువాతనే రిమోటు. సూర్యోదయమైన వెంటనే, ఆకులు కదలని వేళ, గాలికెదురుగా విడువవలెను.

కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. కరెంటు తీగలకు చిక్కిన విమానమును ఎన్నడును కర్రతో తీయరాదు. ఉబ్బిన లిథియం బ్యాటరీని మరల చార్జి చేయరాదు. 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నియమములు 250 గ్రాములకు మించనివాటిని నానో తరగతిగా పరిగణించినవి. చదువుకు, వినోదమునకు కంటికి కనిపించే మేర ఎగురవేసే నమూనాలను ప్రత్యేకముగా పేర్కొన్నవి. చిన్నవైనను విమానాశ్రయముల దాపున, జనము గుమిగూడిన చోట ఎగురవేయరాదు.

కోదాడ బాలుని విమానము సంగతి చెప్పి ముగిస్తాను. మడిలో నానిన బ్యాటరీని పారవేసి క్రొత్తది వేసినాము. డిసెంబరులో ఒక ఉదయము అతడే కొలతలన్నీ తీసి, అతడే విడిచినాడు. అది 4 నిమిషముల 10 సెకనులు గాలిలో ఉండి, రెండుసార్లు తడబడి, గడ్డిలో దిగినది. గొప్ప పయనమేమియు కాదు. కాని ఆ సంవత్సరపు ప్రదర్శనలో అతని అట్టమీద "విమానము ఎగురు సూత్రము" అని లేదు, "ఈ విమానము సాయంకాలము ఏల తిరిగి రాదు?" అని ఉన్నది. క్రింద పెట్టెమీది అంకెలు ఒక వరుసలో, తాను కొలిచిన అంకెలు మరొక వరుసలో వ్రాసినాడు.

నేను వెళ్ళిపోతుండగా అతడు వెంట వచ్చి, "రెక్క వెడల్పు పన్నెండు సెంటీమీటర్లు చేస్తే బరువెంత పెరుగుతది సార్?" అని అడిగినాడు. థర్మాకోల్ ముక్క తూచి చెప్పుమన్నాను.